షుగర్ పేషెంట్లలో స్లీప్ ఆప్నియా: ఎన్‌సీడీ క్లినిక్‌లో ఎవరిని ముందు పంపాలి?

పల్లె_దవాఖాన_సిస్టర్

అందరికీ నమస్తే. పల్లె దవాఖానలో ఎన్‌సీడీ (షుగర్, బీపీ లాంటి అంటుకోని జబ్బుల) పని చూస్తున్నాను. షుగర్ ఉన్నవాళ్లను గురక గురించి, నిద్రలో ఊపిరి ఆగడం (స్లీప్ ఆప్నియా) గురించి కూడా అడగమంటున్నారు. ఎలా అడగాలో, అడిగాక ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

ఆప్నియా ప్రమాదం ఎవరికుందో మార్కులతో చెప్పే స్టాప్-బ్యాంగ్ ప్రశ్నల కాగితం ఒకటి దొరికింది గానీ దాంతో ఇంకో చిక్కు. 50 దాటిన మగమనిషికి బీపీ ఉంటే చాలు, గురక లేకపోయినా 3 మార్కులు పడిపోతున్నాయి. మా రిజిస్టర్‌లో అలాంటివాళ్లే ఎక్కువ. అందరికీ జిల్లా ఆసుపత్రికి చీటీ రాయలేను కదా. ఆడవాళ్లకేమో ఒకటో రెండో వచ్చి ఆగిపోతుంది. కానీ వాళ్లలోనే కొందరు పొద్దున లేస్తూనే తలనొప్పి, ఒళ్లంతా బరువు అంటారు. గురక వస్తుందా అని అడిగితే "నిద్రలో ఉన్నదాన్ని, నాకేం తెలుస్తదమ్మా" అంటారు.

ఈ మార్కులను షుగర్ వాళ్ల విషయంలో ఎంతవరకు నమ్మొచ్చు? ముందు ఎవరిని పంపాలి? కోవిడ్ టైమ్‌లో వచ్చిన ఆక్సీమీటర్లు బీరువాలో ఉన్నాయి, రాత్రికి ఇచ్చి పంపితే ఏమైనా తెలుస్తుందా? ఇంట్లో పెట్టుకునే స్లీప్ టెస్ట్ సరిపోతుందా, ఆసుపత్రిలో పడుకోబెట్టే టెస్టే కావాలా?

పల్మో_స్లీప్

సిస్టర్, కాగితం తప్పేం లేదు, అది పుట్టిన చోటు వేరు. స్టాప్-బ్యాంగ్‌ను 2008లో టొరంటోలో మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు వచ్చేవాళ్ల కోసం తయారుచేశారు. మత్తిచ్చే ముందు ప్రమాదం ఉన్న ఒక్కరు కూడా తప్పిపోకూడదన్నది వాళ్ల లెక్క. అందుకే ఉత్త పుణ్యానికి మార్కులు పడతాయి. వయసు, బీపీ, మగ అన్న మూడూ షుగర్ క్లినిక్‌లో సగం మందికి ఉండేవే కాబట్టి మీ దగ్గర అది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

8 ప్రశ్నలకు 0 నుంచి 2 వస్తే తక్కువ ప్రమాదం, 3–4 మధ్యరకం, 5 ఆపైన ఎక్కువ. మీకు తలనొప్పి ఈ 3–4 వాళ్లతోనే. వాళ్లను విడదీయడానికి ఆ పద్ధతిలోనే రెండో మెట్టు ఉంది, చాలా కాగితాల మీద అది అచ్చు వేయరు. మొదటి నాలుగు ప్రశ్నలు (గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ) తీసుకోండి. అందులో కనీసం రెండింటికి అవును అని ఉండాలి. దానికి తోడు మగవాడు కావడం, బీఎంఐ 35 దాటడం, మెడ చుట్టుకొలత మగవాళ్లకు 43 సెం.మీ., ఆడవాళ్లకు 41 సెం.మీ. ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్కువ ప్రమాదం కిందికే వస్తారు. ఇప్పుడు మీ 55 ఏళ్ల బీపీ ఆయన్ని చూడండి. గురక లేదు, పగలు హుషారుగానే ఉన్నాడు అంటే మొదటి నాలుగింట్లో బీపీ ఒక్కటే. మధ్యరకంలోనే ఆగిపోతాడు, ఇప్పుడే పంపక్కర్లేదు. అదే బీపీకి గురక కూడా తోడైతే పైకి వెళ్తాడు.

మనకు సరిపోనిది బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 35. మన దగ్గర 25 దాటితేనే ఊబకాయం అని లెక్క. పైగా చిన్న దవడ, వెనక్కి జరిగిన గడ్డం ఉన్నవాళ్లకు 26, 27 బీఎంఐకే గొంతు దారి ఇరుకవుతుంది. కాబట్టి బీఎంఐ మార్కు పడలేదని ఎవరినీ వదిలేయకండి, నడుం కొలత కూడా చూడండి (మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెం.మీ.). సీబ్యాక్ ఫారం (ఊళ్లో ఆశా కార్యకర్తలు నింపే ఎన్‌సీడీ ప్రశ్నల ఫారం) కోసం ఎలాగూ తీస్తారు, టేపు చేతిలో ఉన్నప్పుడే మెడ కూడా కొలిచేయండి. మనిషి నిటారుగా కూర్చుని ఎదురుగా చూడాలి. కంఠమణికి సరిగ్గా కింద, మెడకు అడ్డంగా టేపు చుట్టాలి, చర్మం నొక్కుకుపోకూడదు. పుస్తెలతాడు, గొలుసులు పైకి జరపండి. థైరాయిడ్ గడ్డ ఉంటే ఆ కొలత లెక్కలోకి రాదు.

ఇక అడిగే తీరు. గురక సంగతి పేషెంటును కాదు, పక్కన పడుకునేవాళ్లను అడగాలి. "గురక వస్తుందా" అంటే అందరూ అవుననే అంటారు, అదేమంత పనికొచ్చే జవాబు కాదు. ఇలా అడగండి: "తలుపు వేసినా పక్క గదిలోకి వినిపిస్తుందా? గురక మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయి, కాసేపటికి పెద్దగా శ్వాస లాగినట్టు, ఉలిక్కిపడినట్టు మళ్లీ మొదలవుతుందా?" ఈ రెండో దానికి భార్యో కోడలో అవునంటే మిగతా మార్కులు ఎన్నున్నా ఆ మనిషిని పంపాల్సిందే. ఒంటరిగా పడుకునేవాళ్లయితే ఫోన్‌లో గొంతు రికార్డింగ్ పెట్టి తలగడ పక్కన ఉంచమనండి. తెల్లవారుజామున రికార్డయిన భాగం ముందు వినండి. కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది అప్పుడే, ఊపిరి ఎక్కువగా ఆగేదీ అప్పుడే.

పగటి నిద్రను మాత్రం జల్లెడగా పెట్టుకోవద్దు. ఎప్‌వర్త్ స్కేలులో (పగలు ఎక్కడెక్కడ కునుకు పడుతుందో అడిగే ప్రశ్నలు) 24కి 10 దాటితే పగటి నిద్ర ఎక్కువ అంటాం. 10 లోపు వచ్చినంత మాత్రాన ఆప్నియా లేదని కాదు. నిద్ర రావట్లేదనేవాళ్లలో కూడా తీవ్రమైన ఆప్నియా బయటపడుతూనే ఉంటుంది. పైగా అందులో కారులో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, చదువుకుంటున్నప్పుడు అన్న ప్రశ్నలుంటాయి. కారూ చదువూ లేని మనిషికి వాటిని బస్సు, టీవీ అని మార్చి అడగొచ్చు. అయితే అప్పుడు వచ్చిన మొత్తాన్ని 10తో పోల్చకండి, కునుకు ఎక్కడెక్కడ పడుతోందో రాసుకుంటే చాలు.

ఆడవాళ్ల గురించి మీ అనుమానం సరైనదే. నెలసరి ఆగాక ప్రమాదం బాగా పెరుగుతుంది. వాళ్లు గురక అని రారు. నిద్ర పట్టదని, మధ్యలో మెలకువ వస్తోందని, పొద్దున తలనొప్పి, నోరు ఎండిపోవడం, నీరసం అని వస్తారు. చాలామందికి నిద్రమాత్రో దిగులు మాత్రో రాసేసి ఉంటుంది. షుగర్, బీపీ, నడుం చుట్టుకొలత ఎక్కువ, పైన చెప్పినవాటిలో రెండు ఉంటే 2 మార్కులకే పంపండి.

మీ వరసలో ముందుండాల్సినవాళ్లు: ఊపిరి ఆగడం ఇంట్లోవాళ్లు చూసినవాళ్లు, మూడు రకాల బీపీ మందులు (ఒకటి నీటి మాత్ర) సరిగ్గా వేసుకుంటున్నా బీపీ దిగనివాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు, పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్లు. లారీ, బస్సు, ఆటో నడిపేవాళ్లు పగలు కునుకు పడుతోందంటే వాళ్లకు ఆ వారమే చీటీ రాయండి, టెస్ట్ అయ్యేదాకా రాత్రి డ్యూటీ వద్దని చెప్పండి. ఆపరేషన్ తేదీ పడినవాళ్లుంటే స్టాప్-బ్యాంగ్ మార్కులు చీటీ మీదే రాసి మత్తు డాక్టరుకు చూపించమనండి.

స్లీప్‌ల్యాబ్_టెక్

ఆక్సీమీటర్ సంగతి నేను చెప్తాను. కోవిడ్ నాటి వేలి మెషిన్లు రాత్రికి పనికిరావు. వాటిలో చాలావాటికి మెమరీ ఉండదు, కాసేపటికి ఆఫ్ అయిపోతాయి. ఊపిరి ఆగడం అంటే కనీసం 10 సెకన్లు. ఆక్సిజన్ ఆ తర్వాతే పడి, మళ్లీ వెంటనే లేస్తుంది. పొద్దున లేచి చూస్తే 97 ఉంటుంది, ఏం తెలియదు. రాత్రంతా రికార్డు చేసేది, రీడింగును 3 సెకన్లకు మించి సగటు తీయనిది కావాలి. అలాంటిదైతే గంటకు ఎన్నిసార్లు ఆక్సిజన్ పడిందో లెక్క వస్తుంది.

కానీ మీ బీరువాలోవి పగలు పనికొస్తాయి. లావుగా ఉన్న షుగర్ పేషెంటు మెలకువగా, ఊరికే కూర్చున్నప్పుడు 94 కంటే తక్కువ చూపిస్తుంటే అది వట్టి గురక కేసు కాకపోవచ్చు. పగలు కూడా ఊపిరి చాలక బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పేరుకుంటూ ఉండొచ్చు. రక్తంలో బైకార్బొనేట్ 27 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. వీళ్లకు ఇంటి టెస్ట్ కాదు, నేరుగా ల్యాబ్ టెస్టే.

ఇంటి టెస్ట్ (టైప్ 3 అంటాం) అంటే నాలుగు సరంజామా: ముక్కులో పెట్టే గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సీమీటర్, వీటన్నిటినీ రికార్డు చేసే చిన్న డబ్బా. మెదడు తరంగాల వైర్లు ఉండవు. అందుకే మనిషి ఎప్పుడు నిద్రపోయాడో దానికి తెలియదు, అసలు మెలిక అక్కడే. 7 గంటలు రికార్డయింది, 84 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగింది అనుకోండి. మెషిన్ 84ను 7తో భాగించి గంటకు 12 అంటుంది, అంటే స్వల్పం. ఆ మనిషి నిజంగా నిద్రపోయింది 5 గంటలే అయితే గంటకు దాదాపు 17, అంటే మధ్యరకం. 5 లోపు మామూలు, 5–15 స్వల్పం, 15–30 మధ్యరకం, 30 ఆపైన తీవ్రం అన్న గీతలు మీకు తెలిసే ఉంటాయి. షుగర్ వాళ్లు రాత్రి మూత్రానికని లేస్తూ, కాళ్ల మంటలతో మేలుకుంటూ ఉంటారు కాబట్టి ఈ తేడా వాళ్లలోనే ఎక్కువ. ఇంటి టెస్ట్ నార్మల్ అని వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే మళ్లీ ఇంటి టెస్టే చేయించకండి, ల్యాబ్‌కు పంపండి.

టెస్ట్ చెడిపోయేది ఎక్కువగా ఈ కారణాలతోనే. మీసం మీద గొట్టం నిలవదు, చెంపల మీద రెండు వైపులా టేపు వేయాలి. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే నోటితో ఊపిరి తీస్తారు, గొట్టానికి గాలి అందదు, ఊపిరి ఆగినట్టే గీత పడుతుంది. జలుబు తగ్గేదాకా వాయిదా వేయండి. మూత్రానికి లేచినప్పుడు డబ్బా వైరు ఊడిపోతుంది. ఊడదీయకుండా డబ్బాతోనే వెళ్లమని ముందే చెప్పాలి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా ఆక్సిజన్ సిగ్నల్ పోతుంది. రంగు తుడిపించి, ఉంగరాలు లేని వేలికి పెట్టి, వైరును మణికట్టు దగ్గర టేపుతో ఆపండి. వేలి చుట్టూ మాత్రం టేపు బిగించొద్దు. స్పర్శ తగ్గిన వేలు రాత్రంతా నొక్కుకుపోయినా మనిషికి తెలియదు.

ఆ రాత్రి షుగర్ మందులు, ఇన్సులిన్ మామూలు టైముకే. టెస్ట్ అని రాత్రి భోజనం మానేసి ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉంటారు, గట్టిగా చెప్పండి. గ్లూకోమీటర్, పంచదార మంచం పక్కనే ఉండాలి.

రిపోర్టు వచ్చాక పెద్ద అక్షరాల్లో ఉన్న నంబరు ఒక్కటే చూడకండి. పనికొచ్చే రికార్డింగ్ కనీసం 4 గంటలు ఉందా? ఆక్సిజన్ 90 కంటే తక్కువగా ఎంతసేపు ఉంది? వెల్లకిలా పడుకున్నప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత? ఆక్సిజన్ 3 శాతం పడితే లెక్కించారా, 4 శాతం పడితేనా? 4 శాతం లెక్కలో అదే మనిషికి నంబరు తక్కువ వస్తుంది. రెండు ల్యాబ్‌ల రిపోర్టులు పోల్చేటప్పుడు చాలామంది ఇక్కడే తికమక పడతారు.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు రోజూ వాడేవాళ్లు ఇంటి టెస్టుకు తగరు. వాళ్లలో గొంతు మూసుకుపోవడం కాకుండా మెదడు నుంచే ఊపిరి ఆజ్ఞ ఆగిపోయే రకం ఉండొచ్చు, ఆ రెండింటినీ ల్యాబ్‌లో అయితేనే నమ్మకంగా విడదీయగలం.

పల్లె_దవాఖాన_సిస్టర్

చాలా థాంక్స్ సర్, అన్నా. ఒక్క సందేహం. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం, నిద్రలో చెమటలు, ఇవి షుగర్ వల్లో ఆప్నియా వల్లో నా స్థాయిలో ఎలా తేల్చుకోవాలి? పైగా టెస్ట్ చేయించుకుంటే షుగర్ తగ్గుతుందా అని అడుగుతారు. తగ్గుతుందని చెప్పొచ్చా?

ఎండో_గుంటూరు

మూత్రం సంగతి ముందు. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే మూత్రంలోకి దిగుతుంది, దాంతోపాటు నీరూ పోతుంది. కాబట్టి పడుకునే ముందు, తెల్లవారుజామున ఒకటి రెండు రోజులు షుగర్ చూడండి. 250 ఉంటే ముందు షుగర్ సంగతి చూడాలి. 130, 140 ఉండి కూడా మూడుసార్లు లేస్తుంటే వేరే కారణం వెతకాలి. మూసుకుపోయిన గొంతుతో ఊపిరి లాగే ప్రయత్నంలో ఛాతీ లోపల ఒత్తిడి పడిపోతుంది, గుండె గది సాగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె మూత్రం పెంచే హార్మోన్ వదులుతుంది. ఆప్నియాలో రాత్రి మూత్రం అందుకే.

దానికి ముందు మందుల చీటీ ఒకసారి తిరగేయండి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు షుగర్ అదుపులో ఉన్నా మూత్రం పెంచుతాయి, పొద్దున వేసుకుంటున్నారో లేదో అడగండి. నీటి మాత్ర సాయంత్రం వేసుకునేవాళ్లుంటారు. ఆమ్లోడిపిన్‌తో కాళ్లవాపు వస్తే పగలు కాళ్లలో చేరిన నీరు పడుకోగానే పైకి వచ్చి మూత్రంగా పోతుంది. మగవాళ్లయితే ప్రోస్టేట్. నీరసానికి కూడా ఇంతే: కాళ్ల మంటలకు రాసే ప్రీగాబాలిన్ పగలంతా మత్తుగా ఉంచుతుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే ఆల్ప్రజోలం గొంతు కండరాలను సడలించి ఆప్నియాను పెంచుతుంది. మద్యమూ అంతే, రాత్రి తాగే అలవాటు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

చెమటలకైతే ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వాడేవాళ్లలో మొదటి అనుమానం షుగర్ పడిపోవడం మీదే. చెమటతో లేచిన ఆ క్షణంలోనే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కంటే తక్కువైతే అది మందు డోసు సమస్య, ఆ వారమే డాక్టర్ దగ్గరికి. అంతకు పైనే ఉంటే ఆప్నియా వరసలోకి. చేతికి షుగర్ సెన్సర్ పెట్టుకున్నవాళ్లు ఆ వైపు ఒత్తిగిలి పడుకుంటే షుగర్ పడిపోయినట్టు ఉత్తుత్తి రీడింగు చూపిస్తుంది, వేలి రక్తంతో సరిచూసుకోకుండా నమ్మొద్దు. థైరాయిడ్ తక్కువైనా గురక, నీరసం, బరువు మూడూ వస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఒకసారి చేయించడం స్లీప్ టెస్ట్ కంటే తేలిక.

షుగర్ తగ్గుతుందని మాటివ్వకండి. సీప్యాప్ (నిద్రలో మాస్కుతో గాలి ఒత్తిడి ఇచ్చి గొంతు దారి తెరిచి ఉంచే మెషిన్) పెట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చూసిన ట్రయల్స్ ఫలితాలు రెండు రకాలుగా ఉన్నాయి, కొన్నిట్లో కాస్త తగ్గింది, కొన్నిట్లో తేడా లేదు. రాత్రికి మూడు గంటలు పెట్టుకుని తీసేస్తే ఏం తగ్గుతుంది అని నా మాట. పగటి నిద్ర మాత్రం బాగా తగ్గుతుంది, బీపీ కొద్దిగా దిగుతుంది. చెప్పాల్సింది అదే. షుగర్ తగ్గుతుందని చెప్పి అంటగడితే, మూడు నెలల తర్వాత రిపోర్టు చూసి మెషిన్ అటక మీద పెట్టేస్తారు.

బరువు తగ్గితే రెండూ తగ్గుతాయి, ఇది గట్టిగా చెప్పొచ్చు. బరువులో 10 శాతం తగ్గినవాళ్లకు ఊపిరి ఆగే లెక్క సుమారు నాలుగోవంతు తగ్గినట్టు అమెరికాలో విస్కాన్సిన్ వాళ్ల పరిశీలనలో తేలింది. షుగర్‌కు, బరువు తగ్గడానికి ఇచ్చే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ గురించి కూడా ఈమధ్య అడుగుతున్నారు. ఊబకాయంతో పాటు మధ్యరకం నుంచి తీవ్రమైన ఆప్నియా ఉన్నవాళ్లకు అమెరికా ఎఫ్‌డీఏ 2024 డిసెంబర్‌లో అనుమతిచ్చింది. కాకపోతే ఆ ట్రయల్‌లో షుగర్ ఉన్నవాళ్లను తీసుకోలేదు. షుగర్ కోసం ఎలాగూ రాస్తున్నాం కాబట్టి లాభం ఉండొచ్చు, కానీ అందులో వచ్చిన అంకెలను మన పేషెంట్లకు నేరుగా అంటించలేం.

ఇంకోటి, పల్మో గారూ, షుగర్ ఉంది కదా అని ఏ లక్షణమూ లేనివాళ్లందరికీ స్లీప్ టెస్ట్ అంటే నేను ఒప్పుకోను. లావుగా ఉన్న షుగర్ పేషెంట్లకు అందరికీ టెస్ట్ చేసిన స్లీప్ అహెడ్ అధ్యయనంలో 86 శాతానికి పైగా ఎంతో కొంత ఆప్నియా బయటపడింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంత మందిని ఎక్కడ పడుకోబెడతాం? అందులో స్వల్పంగా, ఏ బాధా లేకుండా ఉన్నవాళ్లకు మెషిన్ ఇచ్చి సాధించేదేమిటి?

పల్మో_స్లీప్

అందరికీ టెస్ట్ అని నేనూ అనట్లేదు మేడం, అందరికీ ప్రశ్నలు అంటున్నా. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2008లోనే ఆ మాట చెప్పింది. ప్రశ్నలకు ఖర్చు లేదు, టేపు ఎలాగూ ఉంది. ఏడాదికి ఒకసారి, కంటి పరీక్షకు రాసే రోజునే అడిగేస్తే సరిపోతుంది. మధ్యలో బరువు పెరిగినా, బీపీ మందు పెంచాల్సి వచ్చినా మళ్లీ అడగాలి. స్వల్పం, లక్షణాల్లేవు అంటే మెషిన్ వద్దు. బరువు, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం చాలు.

కోనసీమ_కుర్రాడు

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. మా నాన్నకు షుగర్, మొన్న టెస్ట్‌లో గంటకు 34 వచ్చింది. మా బాబాయి వాళ్లింట్లో పాత సీప్యాప్ ఖాళీగా ఉంది. అది వాడేసుకోవచ్చా?

స్లీప్‌ల్యాబ్_టెక్

నేరుగా తగిలించేయొద్దు తమ్ముడూ. ముందు మోడల్, సీరియల్ నంబరు చూడు. ఫిలిప్స్ వాళ్లు 2021 జూన్‌లో మొదటి తరం డ్రీమ్‌స్టేషన్‌తో సహా చాలా మెషిన్లను వెనక్కి పిలిచారు, లోపల చప్పుడు తగ్గించే ఫోమ్ పొడిగా రాలి గాలిలో కలుస్తుందని. ఆ జాబితాలో ఉంటే వాడకండి.

లేదంటే మెషిన్‌ను ల్యాబ్‌కు తెచ్చి మీ నాన్నగారి ప్రెషర్ పెట్టించండి. ఈ మెషిన్లు 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాకా ఇస్తాయి. మీ బాబాయికి సరిపోయింది ఈయనకు చాలకపోవచ్చు, ఎక్కువై మాస్కు పీకేసేలానూ ఉండొచ్చు. మాస్కు, గొట్టం, ఫిల్టర్ కొత్తవి కొనాలి, అవి ఇంకొకరివి వాడకూడదు. మీసం ఒత్తుగా ఉంటే ముక్కు రంధ్రాల్లో అమరే రకం మాస్కు అడగండి, గాలి తక్కువ కారుతుంది. హ్యుమిడిఫైయర్‌లో (గాలికి తేమ పట్టించే నీళ్ల డబ్బా) డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు పోస్తే డబ్బా అడుగున తెల్లగా గారకడుతుంది. మొదటి రెండు వారాలు ముక్కు దూలం మీద చర్మం రోజూ చూడండి. ఎర్రబడి, మాస్కు తీసిన అరగంటకు కూడా మామూలు కాకపోతే పట్టీ వదులు చేయాలి లేదా సైజు మార్చాలి, షుగర్ ఉన్నవాళ్లకు అక్కడ పుండు పడితే మానడం ఆలస్యం.

మెషిన్‌లోని మెమరీ కార్డులో వాడిన గంటలు రికార్డవుతాయి. రాత్రికి కనీసం 4 గంటలు, పదింట ఏడు రాత్రులు వాడితే వాడుతున్నట్టు లెక్క. నెల తర్వాత ఆ కార్డు తీసుకుని మళ్లీ ల్యాబ్‌కు రండి.